ఎడమచేతి వాటం అమ్మాయి, హ్యాండ్‌బాల్ దారి

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్లు. ఎడమచేతి వాటం. నాలుగేళ్లుగా హ్యాండ్‌బాల్ ఆడుతోంది, స్కూలు జట్టులో కుడి వింగ్. మహిళల ప్రపంచ ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లు వీలైనన్ని చూసింది. ఇప్పుడు చదువు ఆపేసి పూర్తిగా ఆటలోనే ఉంటానంటోంది. వాళ్ల నాన్న ససేమిరా అంటున్నారు. మధ్యలో నేను నలిగిపోతున్నాను. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన మాట ఒకటుంది: ఎడమచేతి వాటం. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

కుడి వింగ్‌లో ఆడే అమ్మాయి కోర్టు మూల నుంచి గాల్లోకి ఎగిరి గోల్‌లోకి విసరాలి. ఆమెది కుడిచేతి వాటమైతే బంతి పక్క గీత వైపు ఉంటుంది. గోల్‌కీపర్ ఒక్క అడుగు ముందుకు వేస్తే చాలు, కనిపించే ఆ కాస్త సందూ మూసుకుపోతుంది. ఎడమచేతి వాటమైతే బంతి కోర్టు మధ్యవైపు ఉంటుంది. ఎగిరింది అదే చోటు నుంచి, కానీ గోల్ వెడల్పుగా కనిపిస్తుంది. అందుకే కుడి వింగ్, కుడి బ్యాక్ (వింగ్‌కూ కోర్టు మధ్యకూ నడుమ, కాస్త దూరం నుంచి గోల్‌కు విసిరే చోటు) స్థానాలకు కోచ్‌లు ఎడమచేతి వాళ్ల కోసం వెతుక్కుంటారు. నార్వేకు ఏళ్ల తరబడి కుడి బ్యాక్‌గా ఆడిన నోరా మోర్క్‌ది ఎడమచెయ్యే. మీ అమ్మాయిది గాలిమేడ అని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి.

ఇక లెక్క. సీనియర్ మహిళల ప్రపంచ ఛాంపియన్‌షిప్ బేసి సంవత్సరాల్లో జరుగుతుంది. 2021 నుంచి 32 జట్లు ఆడుతున్నాయి, మ్యాచ్‌కు జట్టుకు 16 మంది. అంటే ఒక సమయంలో ప్రపంచం మొత్తం మీద 512 చోట్లు. ఒలింపిక్స్‌కు వచ్చేసరికి 12 జట్లే. ఇంత ఇరుకైన గుమ్మం ముందు నిలబడి ‘చదువు ఆపేస్తాను’ అనడం నాకు నచ్చదు. అయితే ఆమె వయసుకు దగ్గరి మెట్లు వేరే ఉన్నాయి. 18 ఏళ్లలోపు, 20 ఏళ్లలోపు బాలికల ప్రపంచ పోటీలు సరి సంవత్సరాల్లో జరుగుతాయి. ఆ జట్ల ఎంపిక శిబిరాలకు పిలుపు వస్తుందా లేదా అన్నది రెండు మూడేళ్లలో తేలిపోతుంది. గొడవ పడే బదులు ఆ గడువు మీద ముగ్గురూ ఒక మాటకు రండి. అప్పటిదాకా చదువు సాగాల్సిందే. కావాలంటే దూరవిద్యలోకి మార్చండి, ఏడాదికి రాసే పేపర్లు తగ్గించండి, కానీ ఆపకండి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఒక్క ఉదాహరణ. నార్వేలోని వైపర్స్ క్రిస్టియాన్‌సాండ్ క్లబ్ 2021, 2022, 2023లో వరుసగా మూడుసార్లు యూరప్ మహిళల ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. ఆ స్థాయి క్లబ్ 2025 జనవరిలో, సీజన్ మధ్యలో, దివాలా తీసింది. జట్టులోని వాళ్లు ఉన్నపళంగా కొత్త క్లబ్బులు చూసుకోవాల్సి వచ్చింది. శిఖరం మీదున్న ఉద్యోగమే ఇలా ఉంటే, దిగువ లీగుల సంగతి మీరే ఊహించుకోండి.

ఆటలో ఎక్కువ కాలం నిలవలేవు అంటే మీ అమ్మాయి దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: కాత్రినె లుండె. 2024 పారిస్ ఒలింపిక్స్ ఫైనల్లో నార్వే 29–21తో ఫ్రాన్స్‌ను ఓడించినప్పుడు ఆ జట్టు గోల్‌కీపర్ లుండె వయసు 44. నిజమే, కానీ ఆమె గోల్‌కీపర్. పరుగున వచ్చి ఒక్కసారిగా పక్కకు తిరిగే వింగర్, బ్యాక్ ఆటగాళ్ల మోకాళ్ల కథ వేరు. ఇందాక చెప్పిన మోర్క్ మోకాళ్లకు ఎన్నో ఆపరేషన్లు జరిగాయి. మోకాలి లోపలి లిగమెంటు తెగడం ఈ ఆటలో అబ్బాయిల కంటే అమ్మాయిల్లో ఎక్కువ. ఎగిరి దిగేటప్పుడు మోకాలు లోపలికి వంగకుండా నేర్పే వ్యాయామాలు, బ్యాలెన్స్ సాధన ఆ ప్రమాదాన్ని బాగా తగ్గిస్తాయి. మీ అమ్మాయి కోచ్‌ను ఈ ఒక్క ప్రశ్న అడగండి: ‘వార్మప్‌లో దిగడం నేర్పుతున్నారా?’ ఆయన తడబడితే కోచ్‌ను మార్చడం గురించి ఆలోచించండి. నా దృష్టిలో పతకాల కంటే ఇదే ముందు చూసుకోవాల్సిన విషయం.

ఆడడమొక్కటే ఈ ఆటలో బతుకుతెరువు కాదు. ఈసారి మ్యాచ్ చూసేటప్పుడు బంతిని వదిలేసి కోర్టు చుట్టూ చూడమనండి. బెంచి దగ్గర ఫిజియోథెరపిస్టు, వెనక వరుసలో ల్యాప్‌టాప్ ముందు ప్రత్యర్థి దాడులను ముక్కలు ముక్కలుగా కత్తిరించే వీడియో విశ్లేషకులు, బల్ల దగ్గర సమయం చూసేవారు, స్కోరు రాసేవారు, కోర్టులో ఇద్దరు రిఫరీలు. ఫ్రాన్స్‌కు చెందిన కవలలు షార్లట్, జూలీ బొనావెంచురా 2017లో పురుషుల ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లోనే విజిల్ పట్టారు. మహిళా జంట ఆ పని చేయడం అదే మొదటిసారి. కోచింగ్ వైపు చూస్తే, ఒకప్పుడు తానే ఆడిన మారిట్ బ్రెయివిక్ 1994 నుంచి 2009 దాకా నార్వే మహిళల జట్టును నడిపి 2008 ఒలింపిక్ స్వర్ణం తెచ్చారు. వీటిలో ఫిజియోథెరపీకి డిగ్రీ కావాలి, విశ్లేషణకు కంప్యూటర్ మీద పట్టు కావాలి. చదువు ఎందుకని ఆమె అడిగితే ఇది చూపించండి.

ఒక చిన్న పరీక్ష కూడా పెట్టండి. జట్టు గోల్ కోసం ప్రయత్నించకుండా బంతిని తిప్పుతూ కాలం గడుపుతుంటే రిఫరీ చెయ్యి పైకెత్తుతారు. ఆ తర్వాత నాలుగు పాస్‌లే. ఈలోగా గోల్‌కు విసరకపోతే బంతి అవతలి జట్టుది. కామెంటరీ తగ్గించి, రిఫరీ ఎప్పుడు చెయ్యెత్తుతారో ముందే చెప్పమనండి. తప్పినప్పుడు చిరాకు పడుతుందా, వెనక్కి తిప్పి ఎందుకు తప్పిందో చూస్తుందా? చిరాకు పడితే ఆమె ఆడాల్సిన మనిషే, ఆడనివ్వండి. వెనక్కి తిప్పి చూసే రకమైతే విజిలో, ల్యాప్‌టాపో కూడా ఆమెకు నప్పుతుంది. చాలామంది పిల్లల్లో రెండూ కొంత కొంత ఉంటాయి.

చివరగా వాళ్ల నాన్నగారి సంగతి. ఆయనతో వాదించకండి. మీ అమ్మాయి ఆడే మ్యాచ్ ఒకటి చూడటానికి తీసుకెళ్లి, ఆమె జట్టు దాడి చేసే గోల్ పక్కన, కుడి మూలకు దగ్గరగా కూర్చోబెట్టండి. ఆమె ఎగిరినప్పుడు ఆ గోల్ ఎలా తెరుచుకుంటుందో ఆయనే చూస్తారు. 30 నిమిషాలయ్యాక జట్లు వైపులు మారతాయి, విరామంలో మీరూ కుర్చీలు మారండి.