చూపుడువేళ్లకు గోరు సరిగా లేదు, ఎక్స్‌రే తీయించాలా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా పాపకు నెల నిండింది. కుడి చూపుడువేలికి గోరు సగమే ఉంది. ఎడమ చూపుడువేలికి రెండు చిన్న ముక్కలుగా వచ్చింది. మిగతా గోళ్లు బాగున్నాయి. గ్రహణం పూట కూరగాయలు కోశావని అత్తమ్మ, ఫ్లోరైడ్ నీళ్లని ఇరుగుపొరుగు అంటున్నారు. గోరు తర్వాతైనా వస్తుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: గ్రహణం మాట వదిలేయండి. ఫ్లోరైడ్ దెబ్బ ఆ నీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్ల పళ్లలో, ఎముకల్లో కనబడుతుంది. పుట్టుకతో రెండు వేళ్ల గోళ్లనే ఏరుకుని పాడుచేయదు.

మీరు చెప్పిన తీరు చూస్తే ఐసో–కికుచి సిండ్రోమ్, అంటే పుట్టుకతోనే చూపుడువేళ్ల గోళ్లు సరిగా ఏర్పడకపోవడం, కావచ్చు. అరుదైనదే గానీ ప్రమాదం లేనిది. కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా వస్తుంది కాబట్టి, ముందు మీ ఇద్దరివీ, ఇరువైపుల తాత నాయనమ్మలవీ చూపుడువేళ్లు చూడండి. ఇందులో గోరు కింది చివరి ఎముక కొన వై ఆకారంలో చీలి ఉండొచ్చు. వేలిని బల్లపరుపుగా పెట్టి తీసిన ఎక్స్‌రేలో అది తప్పిపోతుంది, పక్కనుంచి తీయమని అడగండి. తొందరేం లేదు, ఫలితం ఏదైనా ఇప్పుడు చేసే వైద్యం మారదు.

బొటనవేళ్ల గోళ్లు మాత్రం డాక్టరుతో జాగ్రత్తగా చూపించుకోండి. లోపం అక్కడ ఎక్కువై చిటికెనవేలి వైపు తగ్గుతూ పోతే, గోటి మొదట్లోని తెల్లని భాగం త్రికోణంగా ఉంటే, నెయిల్–పటెల్లా సిండ్రోమ్‌ను అనుమానించాలి. దానిలో మోకాలి చిప్పలు చిన్నవిగా ఉంటాయి లేదా అసలుండవు. కిడ్నీ జబ్బు, పెద్దయ్యాక కంటిలో ఒత్తిడి పెరగడం కూడా రావచ్చు. అందుకే ఆ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు ఏటా మూత్రంలో ప్రొటీన్ పరీక్ష, బీపీ చూడటం అవసరం. ఇప్పుడే మోకాలికి ఎక్స్‌రే తీయిస్తే డబ్బు దండగ: చిప్ప ఇంకా మృదులాస్థిగానే ఉంటుంది, 3 ఏళ్లు దాటాకగానీ సరిగా కనబడదు.

గర్భంలో ఉండగా ఫిట్స్‌కు ఫెనిటోయిన్ వాడి ఉంటే డాక్టరుకు చెప్పండి. అదీ గోళ్లను, వేలి కొన ఎముకలను చిన్నవి చేయొచ్చు. అలాగని మాత్రలు మీకు మీరే ఆపొద్దు. మళ్లీ గర్భం అనుకుంటే ముందే మందు మార్పు గురించి అడగండి.

గోరు పుట్టే మొదలే లేనిచోట తర్వాత రాదు. ఏ నూనె, ఏ లేపనం తెప్పించలేదు. ఉన్న ముక్కలను కత్తిరించకుండా మెత్తని ఫైల్‌తో అరగదీయండి, కొక్కెంలా వంగి చర్మంలోకి దిగితేనే ఆపరేషన్ ఆలోచన. వేలు ఎర్రబడి వాచినా, చీము పట్టినా పసుపు పెట్టి కూర్చోక ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి.