ఏప్రిల్ 5 కాస్తా మే 4గా మారుతుంటే: తేదీ అమరికను స్క్రిప్టుతో తనిఖీ చేసే విధానం

ప్రశ్న: నేను ఒక విత్తనాల దుకాణంలో లెక్కలు చూస్తాను. మా దగ్గర తొమ్మిది విండోస్ కంప్యూటర్లు ఉన్నాయి. బిల్లింగ్ ప్రోగ్రాం నుంచి తీసిన సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో తెరిస్తే, కొన్నింటిలో ఏప్రిల్ 5 నాటి బిల్లు మే 4 నాటిదిగా కనిపిస్తోంది. మిగిలినవాటిలో సరిగానే ఉంటోంది. ఒక్కో కంప్యూటర్ ముందూ కూర్చుని సెట్టింగులు వెతకకుండా, స్క్రిప్టుతో అన్నింటినీ తనిఖీ చేయవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: తప్పకుండా చేయవచ్చు. అయితే ముందుగా పొరపాటు ఎక్కడ పుడుతోందో చూద్దాం. సీఎస్‌వీ అంటే విలువలను కామాలతో విడదీసి రాసిన మామూలు అక్షరాల ఫైలు. అందులో తేదీ అంటే వట్టి అంకెల వరుస మాత్రమే. అందులో ఏది రోజో, ఏది నెలో ఫైలు చెప్పదు. దాన్ని తెరిచే కంప్యూటర్‌లోని రీజియన్ అమరికను బట్టి ఎక్సెల్ నిర్ణయించుకుంటుంది. భారతీయ ఇంగ్లిష్ అమరికలో రోజు ముందు వస్తుంది, అమెరికన్ ఇంగ్లిష్‌లో నెల ముందు వస్తుంది. విండోస్ వేసిన రోజున అమెరికన్ అమరికను మార్చకుండా వదిలేసిన కంప్యూటర్లే మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నాయి.

అలాంటి కంప్యూటర్‌లో తేదీల నిలువు వరుసను ఒకసారి నిదానంగా చూడండి. 25/04/2024 అన్నది గడిలో ఎడమ అంచుకు అతుక్కుని ఉంటుంది; 25వ నెల లేదు కనుక ఎక్సెల్ దాన్ని మామూలు అక్షరాలుగా వదిలేసింది. 05/04/2024 మాత్రం బుద్ధిగా కుడివైపు నిలబడి ఉంటుంది. చూసినవారు ఎడమవైపు ఉన్నవే తప్పనుకుని వాటిని దిద్దుతారు. నిజానికి చెడిపోయినవి కుడివైపు ఉన్నవే! ఏడాదిలో 12వ తేదీలోపు రోజులు మొత్తం 144. రోజూ నెలా ఒకే అంకెగా ఉన్న 12 పోగా, 132 తేదీలు ఏ హెచ్చరికా లేకుండా తారుమారు కాగలవు. జీఎస్‌టీ లెక్కలు ఈ తేదీల మీదే నడుస్తాయి కాబట్టి దీన్ని చిన్న విషయమని వదిలేయకూడదు.

ఇక స్క్రిప్టు, అంటే కంప్యూటర్ వరుసగా అమలు చేసే ఆదేశాల జాబితా. ఆదేశాలను ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాం, టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలే వాడాలి. విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే పవర్‌షెల్ తెరిచి గెట్-కల్చర్ అనే ఆదేశం ఇస్తే అమరిక పేరు కనిపిస్తుంది: భారతీయ ఇంగ్లిష్ అయితే ఈఎన్-ఐఎన్, అమెరికన్ అయితే ఈఎన్-యూఎస్. కానీ పేరొక్కటీ చూసి ఊరుకోవద్దు, ఎందుకంటే పేరు ఈఎన్-ఐఎన్‌గానే ఉండి, ఎవరో చేత్తో నెలను ముందుకు మార్చి ఉండవచ్చు. తేదీని ఎలా చూపాలో చెప్పే అసలు నమూనా, విండోస్ తన అమరికలను దాచుకునే రిజిస్ట్రీలో, ప్రస్తుత వినియోగదారుడి విభాగం కింద కంట్రోల్ ప్యానెల్‌లోని ఇంటర్నేషనల్ అనే చోట, ఎస్‌షార్ట్‌డేట్ అన్న విలువలో ఉంటుంది. లొకేల్‌నేమ్ అన్నది కూడా అక్కడే ఉంటుంది. గెట్-ఐటమ్‌ప్రాపర్టీ ఆదేశంతో ఈ రెండింటినీ చదివి, కంప్యూటర్ పేరూ వినియోగదారుడి పేరూ జోడించి, అందరికీ అందుబాటులో ఉన్న ఫోల్డరులోని ఒక ఫైలుకు ఒక్కో వరుసగా చేర్చేలా రాస్తే సరిపోతుంది.

ఈ అమరిక కంప్యూటర్‌ది కాదు, అందులో లాగిన్ అయిన వినియోగదారుడిదని గుర్తుంచుకోండి. స్క్రిప్టును అడ్మినిస్ట్రేటర్ ఖాతాతోనో, సిస్టమ్ ఖాతా కింద నడిచే షెడ్యూల్డ్ టాస్క్‌గానో నడిపితే అది ఆ ఖాతా అమరికనే చదివి, అంతా బాగుందని నివేదిక ఇవ్వవచ్చు. గుమాస్తా ఖాతాలో మాత్రం తేదీలు తిరగబడుతూనే ఉంటాయి. అందువల్ల రోజూ పనిచేసేవారు లాగిన్ అయినప్పుడు, వారి ఖాతాలోనే అది నడవాలి.

నమూనాలో పెద్ద ఎం నెలను, చిన్న ఎం నిమిషాలను సూచిస్తాయి. ఉదయం 10:42కు చిన్న ఎం అక్షరాలతో తేదీ రాయించి చూడండి, నెల ఉండాల్సిన చోట 42 వస్తుంది. పైగా పవర్‌షెల్‌లో రెండు విలువలు సమానమా అని చూడటానికి మామూలుగా వాడే ఈక్యూ పోలిక పెద్ద, చిన్న అక్షరాల తేడాను పట్టించుకోదు కనుక నమూనాను సరిచూడటానికి ఆ తేడాను గమనించే సీఈక్యూ వాడాలి.

తప్పుగా ఉన్నచోట సెట్-కల్చర్ ఆదేశంతో ఈఎన్-ఐఎన్ అని మార్చవచ్చు. ఆ తర్వాత ఎక్సెల్‌నూ పవర్‌షెల్‌నూ మూసి మళ్లీ తెరవాలి. మార్చే ముందు ఆ కంప్యూటర్‌లో పాత బ్యాచ్ ఫైళ్లు (విండోస్ ఆదేశాలను రాసిపెట్టిన పాతకాలపు స్క్రిప్టులు) ఉన్నాయేమో కనుక్కోండి. బ్యాకప్ ఫోల్డరుకు పేరు పెట్టడానికి ఆనాటి తేదీని ఇచ్చే డేట్ చరరాశిలోంచి అక్షరాలను లెక్కపెట్టి కత్తిరించే ఫైళ్లు ఉంటే, అమరిక మారగానే వాటి పేర్లు గజిబిజి అవుతాయి.

ఇంతకుముందే తారుమారైన తేదీలు ఈ మార్పుతో బాగుపడవు. అలా తెరిచిన సీఎస్‌వీని ఎక్సెల్‌లో సేవ్ చేసి ఉంటే అసలు ఫైలు కూడా పాడైనట్టే. బిల్లింగ్ ప్రోగ్రాం నుంచి కొత్తగా తీసుకోండి. తీసేటప్పుడు తేదీని 2024-04-05లా, ఏడాది ముందుండేలా ఎంచుకునే వీలుంటే తప్పక ఎంచుకోండి. తేదీలు రాసే తీరు గురించి 1988లో వెలువడిన ఐఎస్‌ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం చెప్పిన వరుస ఇదే. రెండు అమరికల్లోనూ ఎక్సెల్ దాన్ని ఏప్రిల్ 5గానే చదువుతుంది. ఆ వీలు లేకపోతే ఫైలును మౌస్‌తో రెండుసార్లు నొక్కి తెరవకండి. ఫైలు పేరు చివర టీఎక్స్‌టీ అని మార్చి, ఎక్సెల్‌లోని ఓపెన్ ద్వారా తెరిస్తే వచ్చే విజార్డులో, తేదీల వరుసకు డీఎంవై (రోజు, నెల, ఏడాది) అన్నది ఎంచుకోండి.