పాడుబడిన గడీ లోపలి చీకటినీ, కిటికీ అవతలి ఎండనూ ఒకే ఫోటోలో నిలపడం ఎలా?

దేవరకొండ దగ్గరి మీ ఊళ్లో పాడుబడిన గడీని (పాతకాలపు దొరల కోటలాంటి ఇంటిని) కెమెరాతో పాటు వచ్చే మామూలు కిట్ లెన్సుతో తీస్తుంటే గది కనబడినప్పుడు కిటికీ తెల్లగా తేలిపోతోందని, కిటికీ కనబడినప్పుడు గది నల్లబడుతోందని, ఫోనుతో తీస్తే రెండూ కనబడినా గోడలు కొత్తగా రంగు వేసినట్లు కృత్రిమంగా వస్తున్నాయని మీరు రాశారు. ఇందుకు ఖరీదైన లెన్సు కొనాలా అని కూడా అడిగారు. కొననక్కరలేదు. నల్లగొండ, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లోని గడీలను, కోటలను, పూజలు ఆగిపోయిన గుడులను చాలా ఏళ్లుగా తీస్తున్న అనుభవంతో చెబుతున్నాను: ఏ నెలలో, ఏ పూట, ఏ దిక్కున ఉన్న గదికి వెళ్లాలన్నది మొదట తేల్చుకోవాలి. కెమెరా అమరికల గురించి ఆ తరువాతే ఆలోచించాలి.

నడి ఎండ పడే సున్నపు గోడ మీద సుమారు లక్ష లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురు ఉంటుంది. అదే ఇంట్లో కిటికీకి దూరంగా ఉన్న మూలలో పది లక్స్ కూడా ఉండకపోవచ్చు. ఇది పదివేల రెట్ల తేడా. వెలుతురు రెట్టింపయ్యే ఒక్కొక్క మెట్టును స్టాప్ అంటారు కనుక, ఈ తేడా 13 స్టాప్‌లు దాటుతుంది; ఎండలోని తెల్లటి సున్నానికీ, మూలలో మసిబారిన దూలానికీ ఉన్న రంగు తేడాను కలిపితే మరో నాలుగు స్టాప్‌లు పెరుగుతుంది. నేటి మంచి కెమెరా సెన్సర్లు రా ఫైలులో (సెన్సర్ పట్టినదంతా మార్చకుండా దాచే ఫైలు) 12 నుంచి 14 స్టాప్‌ల వరకు పట్టుకోగలవు, జేపెగ్ ఫైలులో అంతకంటే తక్కువ. మన కంటిపాప మాత్రం కిటికీ వైపు చూసినప్పుడు చిన్నదై, మూల వైపు తిరిగినప్పుడు పెద్దదై, కంటి లోపలి తెర కూడా వెలుతురుకు తగ్గట్టు సర్దుకుంటూ ఉంటుంది కాబట్టి, అక్కడ నిలబడిన మనకు ఈ తేడా అంతగా తెలియదు. అందువల్ల మధ్యాహ్నం పన్నెండింటికి బయట ఎండ కనబడే కిటికీని చట్రంలో పెట్టుకొని ఏ కెమెరాతో ప్రయత్నించినా మీరు చెప్పిన ఇబ్బంది ఎదురవుతూనే ఉంటుంది.

ఆ తేడాను తగ్గించేది పూట, రుతువు. మన ప్రాంతం సుమారు 16 నుంచి 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏటా మే 8, ఆగస్టు 5 ప్రాంతాల్లో మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా మన నెత్తి మీదికి వస్తాడు. ఆ రెండు తేదీల నడుమ కాలంలో నడి మధ్యాహ్నం సూర్యుడు కొద్దిగా ఉత్తరం వైపే ఉంటాడు. డిసెంబరు చివరి వారంలో మాత్రం మధ్యాహ్నం కూడా దక్షిణం వైపు వంగి, సుమారు 50 డిగ్రీల ఎత్తులోనే నిలుస్తాడు. ఫోటోలు తీసేవారికి ఈ లెక్క చాలా విలువైనది. చలికాలంలో దక్షిణపు కిటికీల నుంచి ఎండ ఏటవాలుగా గది లోపలి దాకా వస్తుంది; ఉత్తరపు గోడ బయటి వైపున రోజంతా ఎండ పడదు కనుక అక్కడి గచ్చు పగుళ్లు, రాలిన సున్నం, పాత రంగుల పొరలు మెత్తటి వెలుతురులో నిలకడగా కనబడతాయి. జూన్‌లో పరిస్థితి తారుమారవుతుంది. ఉదయం, సాయంత్రం ఉత్తరపు గోడలకే ఎండ తగులుతుంది, దక్షిణపు గదులు చల్లగా నీడలో ఉంటాయి.

మన గడీలు చాలావరకు నడుమ తెరిచిన వాకిలి, దాని చుట్టూ స్తంభాల పడసాల, ఆ వెనుక అర్రలు ఉండే పద్ధతిలో కట్టినవి. వేసవి మధ్యాహ్నం ఫోటోలకు పనికిరాదని అందరూ అంటారు గానీ, ఇటువంటి ఇళ్ల విషయంలో నేను దానిని ఒప్పుకోను. సూర్యుడు నెత్తి మీద ఉన్నప్పుడు ఎండ వాకిలి బండల మీద నిట్టనిలువునా పడి, అక్కడి నుంచి పైకి లేచి, పడసాల కప్పు దూలాల అడుగుభాగాన్ని వెలిగిస్తుంది. మిగతా కాలాల్లో చీకట్లో ఉండే చెక్కడపు పని అప్పుడు బయటపడుతుంది. వాకిలిని చట్రంలోకి రానివ్వకుండా, దానికి వీపు పెట్టి నిలబడి, కెమెరాను పైకి తిప్పి తీయండి. పైకప్పు కూలిన గదులకైతే వానాకాలపు మబ్బు పట్టిన రోజులు ఎంతో అనుకూలం. ఆకాశం మొత్తం ఒకే మెత్తటి దీపంగా పనిచేస్తుంది, గుమ్మానికీ గదికీ మధ్య తేడా బాగా తగ్గుతుంది. అయితే మబ్బు ఆకాశం ఫోటోలో తెల్లని మచ్చగా వస్తుంది కాబట్టి దానిని చట్రం నుంచి తప్పించాలి.

సాయంత్రం సూర్యుడు దిగిన తరువాత కిటికీ బయటి వెలుతురు, లోపలి వెలుతురు దగ్గరపడే కాసేపటి సమయం కూడా మీకు బాగా ఉపయోగపడుతుంది. మన అక్షాంశాల్లో ఆ సంధ్య వెలుగు 25 నిమిషాల లోపే ముగుస్తుంది. అందుచేత ట్రైపాడ్‌ను, చట్రాన్ని, ఫోకస్‌ను ముందే సిద్ధం చేసుకొని ఉండాలి.

వెలుతురు ఎటు నుంచి వస్తోందో చూడడం నేర్చుకోవాలంటే నల్లగొండను ఆనుకొని ఉన్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి ఒకసారి వెళ్లండి. కుందూరు చోడుల కాలపు త్రికూటాలయం అది. మూడు గర్భగుడులకూ కలిపి ఒకే మండపం ఉంటుంది. ఒక గర్భగుడిలో స్తంభాకారపు నీడ పగలంతా కదలకుండా నిలిచి ఉండడం దాని ప్రసిద్ధి. సూర్యుడితో పాటు కదలడం లేదంటే అది నేరుగా పడే ఎండ వల్ల ఏర్పడిన నీడ కాదు; తెరిచి ఉన్న వైపుల నుంచి మండపంలోకి వచ్చే ఆకాశపు వెలుతురు స్తంభాల మధ్యగా లోపలికి చేరడం వల్ల ఏర్పడినది. ఒక గంట సేపు అక్కడ కూర్చొని చూస్తే, ఎండ పడని గదిలో కూడా వెలుతురుకు ఒక దిక్కు ఉంటుందని మీకు స్పష్టంగా అర్థమవుతుంది. అదే చూపుతో మీ గడీలోకి వెళ్లండి. అలా చూసినవారికి నేరుగా ఫ్లాష్ కొట్టాలనిపించదు. ఎదురుగా పడే ఫ్లాష్ గోడ మీది ఎగుడుదిగుళ్లన్నింటినీ చదును చేస్తుంది, ఏ గోడ అయినా నిన్న కట్టినట్లే కనబడుతుంది.

ఇక కెమెరా సంగతి. రా ఫైలులో తీయండి. ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) 100, అపర్చర్ (లెన్సు రంధ్రం) ఎఫ్ 8 పెట్టి, షటర్ వేగాన్ని మాత్రమే మారుస్తూ వెళ్లండి. చీకటి అర్రల్లో అది పది, ఇరవై సెకన్లకు చేరినా గోడలు కదలవు కనుక నష్టం లేదు. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు లెన్సులోని స్థిరీకరణను ఆపి, రెండు సెకన్ల టైమర్‌తో బటన్ నొక్కండి. చీకట్లో ఆటో ఫోకస్ తడబడుతుంది కాబట్టి, టార్చి వెలుగు వేసి ఒక గోడ అంచు మీద ఫోకస్ కుదుర్చుకొని, దానిని మాన్యువల్‌కు మార్చి, టార్చి ఆపండి. మొదటి ఫోటోను కిటికీలోని ఎండ తేలిపోకుండా తీయాలి. హిస్టోగ్రామ్ (కెమెరా తెర మీద కనబడే వెలుతురు గ్రాఫు) కుడి అంచుకు తగిలీ తగలకుండా ఉండాలి. అక్కడి నుంచి రెండేసి స్టాప్‌లు పెంచుతూ మూడు లేదా ఐదు ఫోటోలు తీసుకోండి. నీడలో ఉన్న వివరాన్ని తరువాత కొంతవరకు పైకి తేవచ్చు, పూర్తిగా తెల్లబడిన చోట తిరిగి తెచ్చుకోవడానికి ఏమీ మిగలదు.

రంగుల విషయంలో ఆటో వైట్ బ్యాలెన్స్‌ను (కెమెరా తనంతట తానే రంగులను సరిచేసే అమరికను) నమ్మవద్దు. కూలిన కప్పులోంచి దిగే ఆకాశపు వెలుతురు నీలంగా, ఎర్రమట్టి నేల మీది నుంచి లేచేది ఎరుపుగా, గోడలో మొలిచిన రావిచెట్టు ఆకుల గుండా వచ్చేది ఆకుపచ్చగా ఉంటాయి, ఇవన్నీ ఒకే గదిలో కలుస్తాయి. ఒక తెల్ల కాగితాన్ని ఆ గదిలో పెట్టి విడిగా ఒక ఫోటో తీసుకుంటే, ఇంటికి వచ్చాక అది ఆధారంగా ఉంటుంది. అయినా రంగులను పూర్తిగా సరిచేయకండి. ఆ నీలం, ఆ ఎరుపు ఆ గదివే.

ఫోటోలను కలిపేటప్పుడే మీరు ఫోనులో చూసిన కృత్రిమత్వం పుడుతుంది. అన్ని మూలలనూ ఒకే స్థాయికి వెలిగించాలని ప్రయత్నించినప్పుడు కిటికీ చట్రం చుట్టూ తెల్లని అంచు ఏర్పడుతుంది, గోడలు బొమ్మల్లా మారతాయి. గదిలో అన్నింటికంటే కాంతివంతమైనది కిటికీయే కావాలి, మూల నల్లగానే ఉండాలి, కానీ ఆ నలుపులో దూలం ఉందని కంటికి తెలియాలి. నేను సాధారణంగా గది కనబడే ఫోటోల్లో కాస్త చీకటిగా వచ్చినదాన్ని ఆధారంగా పెట్టుకొని, కిటికీ భాగాన్ని మాత్రం మరొక ఫోటో నుంచి మెత్తటి అంచుతో చేతితో కలుపుతాను. ఫోనుతోనే తీయదలిస్తే ప్రో మోడ్‌లో రా ఎంచుకోండి. అది లేకపోతే తెర మీద కిటికీని నొక్కి పట్టుకొని ఎక్స్‌పోజర్‌ను అక్కడే లాక్ చేసి, హెచ్‌డీఆర్ (ఫోను తానే ఫోటోలను కలిపే పద్ధతి) ఆపి తీయండి.

వెళ్లే ముందు చేయవలసినవి మరికొన్ని ఉన్నాయి. పాడుబడినట్లు కనబడినా ప్రతి గడీకీ హక్కుదారులు ఉంటారు, వారిని అడగండి. మన పల్లెల్లో చీకటిపడే వేళ టార్చి, ట్రైపాడ్‌తో పాత కట్టడంలో తిరిగేవారిని గుప్తనిధుల కోసం వచ్చినవారని అనుకుంటారు. అటువంటి తవ్వకాల వల్ల ఎన్నో గుడులు, కోటలు దెబ్బతిన్నాయి కనుక వారి అనుమానం న్యాయమైనదే. సర్పంచికి ముందే చెప్పి, ఊరివారిలో ఒకరిని వెంట తీసుకువెళ్లండి. ఏ అర్ర నేల గుల్లబారిందో, ఏ కమాను కింద తేనెపట్టు ఉందో, ఎక్కడ పాములు తిరుగుతాయో వారికే తెలుస్తుంది. అలంపురం నవబ్రహ్మ ఆలయాల వంటి కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడాల్లో ట్రైపాడ్ వాడాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. వానలు పడుతున్నప్పుడు మట్టితో కట్టిన గోడలు నాని ఉంటాయి కాబట్టి మబ్బు వెలుతురు ఎంత బాగున్నా లోపలి అర్రల్లోకి వెళ్లకుండా, గుమ్మం దగ్గరే ఆగి తీయండి. మీ గడీ ప్రధాన ద్వారం ఏ దిక్కుకు ఉందో, కప్పు ఎక్కడ కూలిందో రాస్తే, ఏ నెలలో ఏ గదితో మొదలుపెట్టవచ్చో చెప్పగలను.