జెట్‌లాగ్ పోయినా నిద్ర పట్టకపోతే

"వచ్చి నెలన్నర అయింది, ఇంకా రాత్రి రెండింటికే మెలకువ వచ్చేస్తోంది, జెట్‌లాగేనా?" అని మన దేశం నుంచి విదేశాలకు కొత్తగా వచ్చినవాళ్లు తరచూ అడుగుతుంటారు. కాకపోవచ్చు. ఒంట్లో గడియారం రోజుకు సుమారు ఒక గంట చొప్పున కొత్త వేళలకు సర్దుకుంటుంది. తూర్పు వైపు ప్రయాణమైతే ఇంకాస్త నిదానం, అంతే. కాబట్టి ఇప్పుడు పడగ్గదిని అనుమానించండి. అలాగని వెంటనే ఖరీదైన పరుపు కొనకండి. ముందు వెలుతురు, వేడి సంగతి చూడాలి.

మనం పెరిగిన అక్షాంశాల్లో పగలు ఏడాదంతా 11, 13 గంటల మధ్యే ఉంటుంది. 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర జూన్‌లో 18 గంటలు దాటుతుంది, డిసెంబరులో 6 గంటలు కూడా ఉండదు. చూపుతో పెద్దగా పనిలేకుండా, పగలూ రాత్రీ తేడా మెదడుకు చెప్పే కణాలు కంట్లో ఉన్నాయి. ముఖ్యంగా నీలి కాంతి తగిలితే అవి నిద్రవేళ అయిందని ఒంటికి చెప్పే మెలటోనిన్ హార్మోన్‌ను ఆపిస్తాయి. అద్దె ఇళ్లలో ఇచ్చే పల్చటి బ్లైండ్లు వేసవిలో ఎందుకూ పనికిరావు. బ్లాకౌట్ కర్టెన్లు కొనండి, కిటికీ కంటే రెండు పక్కలా బెత్తెడు వెడల్పు ఎక్కువుండేలా చూసుకోండి. గోడకు రంధ్రాలు వేయొద్దంటే స్ప్రింగుతో బిగుసుకునే రాడ్ దొరుకుతుంది. చలికాలంలో సమస్య తిరగబడుతుంది. అప్పుడు పొద్దున తెల్లారగానే కాసేపు బయట నడవండి. మబ్బు పట్టినా సరే, ఇంట్లో లైట్ల కన్నా బయటే వెలుతురెక్కువ.

ఇక హీటర్. చలికి భయపడి 25 డిగ్రీలకు పెట్టి పడుకునేవాళ్లు మనలో చాలామంది. నిద్ర పట్టాలంటే లోపలి ఒంటి వేడి కాస్త తగ్గాలి, గది ఉడుకుతుంటే ఎలా తగ్గుతుంది? థర్మోస్టాట్ 18 దగ్గర పెట్టి మందపాటి దుప్పటి కప్పుకోండి. భార్యాభర్తలకు చెరో దుప్పటి ఉంటే సగం తగాదాలుండవు. పసిపిల్లలున్న గది గురించి మాత్రం డాక్టరును అడగండి. హీటింగ్‌తో గాలి పొడిబారి ముక్కు, గొంతు ఎండిపోతాయి. గాలికి తేమ పట్టించే హ్యుమిడిఫయర్ పెడితే తేమ 50 శాతం దాటనివ్వకండి, దాటితే కిటికీ అద్దాలు చెమర్చి మూలల్లో బూజు పడుతుంది. పరుపు నేరుగా నేల మీద వేసినా అడుగున బూజే. గ్యాస్, కిరోసిన్ హీటర్లు వెలిగించి మాత్రం ఎప్పుడూ నిద్రపోకండి. వాటి నుంచి రాగల విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, దాన్ని పసిగట్టే అలారం ఉండి తీరాలి.

ఫ్యాన్ చప్పుడు లేక నిద్ర పట్టనివాళ్లు చిన్న టేబుల్ ఫ్యాన్ గోడవైపు తిప్పి పెట్టుకోవచ్చు. గురక పెట్టి, పగలంతా తూగుతుంటే అది గదితో తీరేది కాదు, డాక్టరును కలవండి.

ఫోను ఒకటి మిగిలింది. ఇక్కడ అర్ధరాత్రి అయితే ఇంటి దగ్గర పట్టపగలు కావచ్చు, మరి మోగుతూనే ఉంటుంది. డు నాట్ డిస్టర్బ్ పెట్టి, అమ్మానాన్నల నంబర్లు మాత్రం మోగేలా మినహాయింపు ఇవ్వండి. ఫ్యామిలీ గ్రూపు శుభోదయాలు లేచాక చూసుకోవచ్చు.