కిర్కాఫ్ లెక్కల్లో కరెంట్ ఎటు పోతుందో ముందే ఎలా తెలుస్తుంది?

కిర్కాఫ్ లెక్కలంటే సర్క్యూట్‌లో ఏ శాఖలో ఎంత కరెంట్ పోతుందో కిర్కాఫ్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఇచ్చిన నియమాలతో కనుక్కునేవి. కరెంట్ ఎటు పోతుందో ముందే తెలియనక్కర్లేదండీ. మీకు తోచిన వైపు బాణం వేసేయండి, అది తప్పయితే జవాబు మైనస్‌లో వస్తుంది, అంతే. కానీ ఒకసారి వేశాక లెక్క పూర్తయ్యేదాకా దాన్ని కదపకూడదు. ఈ లెక్కలు చెడిపోయేది నియమాలు రాక కాదు, మధ్యలో బాణం తిప్పేయడం వల్లే.

మా తమ్ముడి కూతురు ఒకరోజు ఏడుపు మొహంతో నోట్సు పట్టుకొచ్చింది. 12 వోల్టుల బ్యాటరీతో వరసలో 2 ఓమ్‌ల రెసిస్టర్, 6 వోల్టుల బ్యాటరీతో వరసలో ఇంకో 2 ఓమ్‌లు, ప్లస్‌లు ఒకే వైపు ఉండేలా ఈ రెండు శాఖలూ ఒక 8 ఓమ్‌ల రెసిస్టర్ కొసలకే కలిశాయి. రెండు ప్లస్‌ల నుంచీ కరెంట్ బయటికి వస్తున్నట్టు బాణాలు వేసింది. 12 వోల్టుల శాఖలో కరెంట్ ఐ1, 6 వోల్టుల శాఖలో ఐ2, 8 ఓమ్‌లలో ఐ3 అనుకుంది. జంక్షన్ దగ్గర, అంటే శాఖలు కలిసే చోట, వచ్చే కరెంటూ పోయే కరెంటూ సమానం కాబట్టి ఐ1 + ఐ2 = ఐ3. లూప్ అంటే బయలుదేరిన చోటికే తిరిగొచ్చే దారి, అందులో బ్యాటరీ వోల్టులు రెసిస్టర్ల మీద పడే వోల్టులకి సమానం. అలా ఒక లూప్‌లో 12 = 2ఐ1 + 8ఐ3, ఇంకో లూప్‌లో 6 = 2ఐ2 + 8ఐ3. అన్నీ కరెక్టే. ఐ1 2 ఆంపియర్లు, ఐ3 1 ఆంపియర్ వచ్చాయి, ఐ2 మైనస్ 1 అని రాగానే పేజీ అంతా కొట్టిపారేసింది. “బ్యాటరీలోంచి కరెంట్ బయటికే కదా పెదనాన్నా వచ్చేది?” అంటుంది.

8 ఓమ్‌ల మీద 8 వోల్టులు ఉన్నాయమ్మా, 6 వోల్టులది దానికి ఎదురు ఎలా తోస్తుంది, పెద్ద బ్యాటరీయే దానిలోకి కరెంట్ ఎక్కిస్తోంది, అది ఛార్జ్ అవుతోంది అన్నాను. నమ్మకం కుదరక పవర్ లెక్క కూడా వేసింది: పెద్ద బ్యాటరీ ఇచ్చేది 24 వాట్లు, రెసిస్టర్లలో వేడిగా పోయేది 8, 2, 8 వాట్లు, మిగిలిన 6 వాట్లు చిన్న బ్యాటరీలోకి. అప్పుడు మొహం వెలిగింది.

గైడ్లు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. “మైనస్ వస్తే దిశ వ్యతిరేకం” అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు, ఆ మైనస్ ఏం చెబుతోందో రాయరు. పైగా ఏ సర్క్యూట్ కనిపించినా ముందు సిరీస్, ప్యారలల్ ఫార్ములాల మీద పడమంటారు, వేర్వేరు శాఖల్లో రెండు బ్యాటరీలు కూర్చున్నాక వాటితో మాత్రమే తేలదు. కిర్కాఫ్ 1845లో ఈ నియమాలు ఇచ్చేనాటికి ఇంకా విద్యార్థే, 21 ఏళ్లు. ఆ వయసు పిల్లలకి అర్థం కాని విషయమేమీ కాదు ఇది.

ఇంకొకటి, రెండే జంక్షన్లున్న సర్క్యూట్‌లో రెండో జంక్షన్‌కి సమీకరణం రాయకండి. మొదటిదే తిరిగొస్తుంది, ఆఖరికి సున్నా ఈక్వల్ టు సున్నా తేలి టెన్షన్ పడతారు. కావలసిన మిగతా సమీకరణాలు లూప్‌ల నుంచే తెచ్చుకోండి.