ఐస్ హాకీ గోలీ (గోల్‌కీపర్) సామగ్రి: ఏది కొత్తది కొనాలి, ఏది పాతదైనా చాలు

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేము బ్రాంప్టన్‌లో ఉంటున్నాం. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. రెండేళ్లుగా ఐస్ హాకీ ఆడుతున్నాడు. వచ్చే సెప్టెంబరు నుంచి గోలీగానే ఆడతానని పట్టుపట్టాడు. దుకాణంలో అడిగితే తల నుంచి కాళ్ల దాకా కొత్తవి కొనడానికి 1,600 డాలర్లు దాటుతుందని చెప్పారు. మేము 600 డాలర్లకు మించి పెట్టలేం. పాతవి కొంటే ప్రమాదమా? ఎదిగే పిల్లవాడు కాబట్టి కాస్త పెద్ద సైజు తీసుకోవచ్చా?
– ఒక తల్లి, బ్రాంప్టన్, కెనడా

జవాబు: అమ్మా, 600 డాలర్లతో ఈ ఏడాది గడుస్తుంది. అయితే మీరు మొదట వెళ్లవలసింది దుకాణానికి కాదు, మీ హాకీ సంఘంలో సామగ్రి బాధ్యత చూసే వ్యక్తి దగ్గరికి. కెనడాలో చిన్నపిల్లల జట్లలో గోలీ స్థానం ఒకరి తర్వాత ఒకరికి వంతులవారీగా ఇవ్వడం మామూలు కాబట్టి, చాలా సంఘాలు గోలీ సామగ్రిని తమ దగ్గరే ఉంచుకుని, సీజన్ మొదట్లో అరువిచ్చి వసంతకాలంలో వెనక్కి తీసుకుంటాయి. మీ అబ్బాయి ఆడబోయే యూ11 (పదకొండేళ్ల లోపు) వయసు జట్లకు కూడా లెగ్ ప్యాడ్లు, బ్లాకర్ (కర్ర పట్టే చేతికి తొడిగే పలక ఉన్న గ్లవ్), ట్రాపర్ (పక్‌ను పట్టుకునే జేబున్న గ్లవ్), చెస్ట్ ప్రొటెక్టర్ (ఛాతీ, చేతుల కవచం) ఇచ్చే సంఘాలు అనేకం ఉన్నాయి. కొంత ధరావతు అడగవచ్చు, అంతే. ఖరీదులో సింహభాగం ఈ నాలుగింటిదే. పక్ (ఈ ఆటలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) మోచేతికి తగిలితే ఎలా ఉంటుందో, ఏడు గోల్స్ పడిన రోజు కారులో ఇంటికి వచ్చే దారి ఎంత పొడవుగా ఉంటుందో తెలిసిన తర్వాత కూడా వాడు గోలీగానే ఉంటానంటే, సొంత ప్యాడ్ల మాట అప్పుడు చూసుకోవచ్చు.

అరువు తెచ్చినవి పోగా మీరు కొనవలసినవాటిలో మాస్క్, మెడకు కట్టే నెక్ గార్డ్, పొత్తికడుపు కింది భాగాన్ని కాపాడే కప్పు, ఈ మూడూ కొత్తవే కొనండి. మాస్క్ విషయంలో నేను పట్టుదలగా చెబుతున్నందుకు కారణం ఉంది. వాడిన మాస్క్ ఎన్ని దెబ్బలు తిన్నదో పైకి కనిపించదు. గుల్లలో వెంట్రుకంత పగులు రంగు కింద దాక్కుని ఉండవచ్చు, లోపలి నురుగు (ఫోమ్) మరొక తల ఆకారానికి అణిగి ఉండవచ్చు. పక్ అంటే మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం, 156 నుంచి 170 గ్రాముల బరువు ఉండే గట్టి రబ్బరు బిళ్ల. పైగా మంచు మీద ఎగిరి పడకుండా ఉండేందుకు దానిని ఆటకు ముందు గడ్డకట్టిస్తారు. జాక్ ప్లాంట్ అనే గోలీ 1959 నవంబరు 1న న్యూయార్క్‌లో ముఖానికి పక్ తగిలి, కుట్లు వేయించుకుని, మాస్క్ లేకుండా తిరిగి బరిలోకి దిగనని కోచ్‌కు తెగేసి చెప్పాడు. అప్పటికి పెద్ద లీగ్ గోలీలు బోసి ముఖంతో నిలబడడమే మగతనంగా చెలామణి అయ్యేది. ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా ‘ముఖానికి ఇంత డబ్బా?’ అంటే ఈ కథ చెప్పండి.

మాస్క్ మీద, దాని ముందున్న ఇనుప జాలీ మీద సీఎస్ఏ (కెనడా ప్రమాణాల సంస్థ) గుర్తింపు ముద్ర ఉన్నదీ లేనిదీ దుకాణంలోనే చూసుకోండి. పిల్లలు టీవీలో చూసి ముచ్చటపడే, కళ్ల దగ్గర పెద్ద ఖాళీలు వదిలే ‘క్యాట్ ఐ’ జాలీలకు ఆ గుర్తింపు ఉండదు. అవి పెట్టుకుంటే చిన్నపిల్లల ఆటలో దిగనివ్వరు. మెడకు బీఎన్‌క్యూ (క్యూబెక్ ప్రమాణాల సంస్థ) ముద్ర ఉన్న నెక్ గార్డ్ తప్పనిసరి. మాస్క్ కింద వేలాడే ప్లాస్టిక్ పలక దానికి అదనమే తప్ప ప్రత్యామ్నాయం కాదు.

నా అంచనా లెక్క ఇలా ఉంటుంది. చిన్నపిల్లల కొత్త మాస్క్‌కు 250 డాలర్లు, కప్పుకు 50, నెక్ గార్డ్‌కు 30, కర్రకు 50 అనుకుంటే 380 అవుతుంది. ఒంటారియోలో 13 శాతం పన్ను కలిపితే దాదాపు 430. ఇక వాడిన గోలీ స్కేట్లు 80, గోలీ ప్యాంటు 40, మోకాలి కవచాలు 40, మొత్తం 160. వ్యక్తుల దగ్గర నేరుగా కొంటే ఆ పన్ను కూడా ఉండదు. రెండూ కలిపితే 590. పది డాలర్లు మిగిలాయి, వాటితో కర్రకు చుట్టే టేపు కొనండి. కర్ర విషయంలో కాంపోజిట్ (కార్బన్ ఫైబర్ వంటివాటితో చేసినవి) జోలికి వెళ్లకండి. నురుగు నింపిన చెక్క కర్ర చవక, పక్ తగిలినప్పుడు చేతికి అదురు కూడా తక్కువ.

ఇక సైజు. మనవాళ్లకు ఒక అలవాటు ఉంది: స్కూలు యూనిఫాం కుట్టించేటప్పుడు దర్జీతో లోపల రెండంగుళాల మడత పెట్టించి, ఏడాదికోసారి విప్పుకుంటూ పోతాం. ఆ తెలివి ప్యాంటుకు, చెస్ట్ ప్రొటెక్టర్‌కు కొంతవరకు పనికి వస్తుంది, స్కేట్లకూ మాస్క్‌కూ అసలు పనికిరాదు. వదులు మాస్క్ దెబ్బ తగిలినప్పుడు ముఖం మీద జరుగుతుంది. వదులు స్కేటులో చీలమండ నిలవక పిల్లవాడు పక్కకు కదలలేడు. మామూలు బూటు కంటే ఒకటి, ఒకటిన్నర సైజు చిన్నదే సాధారణంగా సరిపోతుంది.

అరువు దొరకక లెగ్ ప్యాడ్లు కొనవలసి వస్తే మాత్రం నిదానించాలి. నేటి గోలీలు బటర్‌ఫ్లై పద్ధతిలో, అంటే రెండు మోకాళ్లూ మంచుకు ఆనించి పాదాలను పక్కలకు చాపి, గోల్ అడుగు భాగాన్ని మూసివేస్తారు. అలా దిగినప్పుడు మోకాలు ప్యాడ్ లోపలి వైపున్న మెత్తటి దిమ్మ నడిమధ్యన పడాలి. ప్యాడ్ మరీ పొడవైతే మోకాలు దిమ్మ కింది అంచున పడుతుంది, ప్యాడ్ సరిగ్గా తిరగదు, తొడల దగ్గర రెండు ప్యాడ్లూ ఒకదానికొకటి తగులుకుంటాయి. ప్యాడ్ మీద 28+1 అని రాసి ఉంటే, 28 అంగుళాల ప్యాడ్‌కు మోకాలికి పైభాగాన మరొక అంగుళం కలిపారని అర్థం. ఒక కంపెనీ 28, మరొక కంపెనీ 28 ఒకే కాలికి ఒకేలా కూర్చోవు. అందుకని పిల్లవాడికి స్కేట్లు తొడిగి కుర్చీలో కూర్చోబెట్టి, చీలమండ ముందు స్కేటు వంగే చోటు నుంచి మోకాలిచిప్ప మధ్య వరకు ఉన్న కొలతను రాసి జేబులో పెట్టుకోండి. అమ్మేవారి ఇంట్లో తివాచీ మీదే ప్యాడ్లు కట్టించి మోకరిల్లమనండి. అంగుళం పెద్దదైతే ఫరవాలేదు, మూడంగుళాలైతే వదిలేయండి.

పాత వస్తువు పై మరకలను పట్టించుకోకండి. పక్ మోపిన నల్లటి గీతలు గోలీకి అలంకారమే. చూడవలసింది లోపలి నురుగు, తోలు పట్టీలు, కుట్లు. చెస్ట్ ప్రొటెక్టర్‌లో కాలర్ ఎముక దగ్గర, మోచేతుల దగ్గర బొటనవేలితో గట్టిగా నొక్కండి. వేలు నేరుగా వెనక వైపుకు తగులుతున్నట్టుంటే ఆ నురుగు పని అయిపోయింది. ట్రాపర్ అరచేతిని లోపలి నుంచి తడిమితే పలచబడిన చోటు తెలుస్తుంది. నిజానికి ట్రాపర్ పాతదైతేనే మేలు. కొత్తది బిరుసుగా ఉండి పిల్లల చేతికి మూతపడదు, పక్ వచ్చి పడి బయటికి దూకేస్తుంది. స్కేటు బ్లేడు ప్రతి సానకూ కొంత అరుగుతుంది, కాబట్టి ఎంత ఉక్కు మిగిలిందో చూడకుండా ధర మాట్లాడకండి. మగ్గిన వాసన సమస్య కాదు, బూజు మాత్రం సమస్యే. ఇంటికి తెచ్చాక చల్లటి నీళ్లలో తక్కువ సబ్బుతో కడిగి ఫ్యాన్ గాలికి ఆరబెట్టండి. హీటర్ మీద ఆరబెడితే జిగురు ఊడుతుంది.

ఒక పొరపాటు నా చేత జరిగింది, మీ చేత జరగకూడదు. గోలీ ఒక చేతికి ట్రాపర్, మరొక చేతికి బ్లాకర్ తొడుగుతాడు. ట్రాపర్ ఎడమ చేతికి వచ్చేదాన్ని ‘రెగ్యులర్’ అని, కుడి చేతికి వచ్చేదాన్ని ‘ఫుల్ రైట్’ అని అంటారు. ప్రకటనలో ‘రైట్’ అన్న మాట చూసి, మా అమ్మాయిది కుడిచేతి వాటమే కదా అని, గంటసేపు కారు నడిపి తెచ్చాను. ఇంటికి వచ్చాక అది పెట్టుకుని రెండు చేతులూ తారుమారై నిలబడిన ఆ పిల్లను చూస్తే తెలిసింది. కుడిచేత్తో బంతి విసిరే పిల్లలు సాధారణంగా ఎడమచేత్తో పడతారు, వాళ్లకు కావలసింది రెగ్యులర్. ఫుల్ రైట్ అడిగేవారు తక్కువ కాబట్టి తిరిగి అమ్మడానికి నాకు ఏడాది పట్టింది. మీ అబ్బాయి నిజంగా కుడిచేత్తో పట్టేవాడైతే మాత్రం అదే కారణంగా మీకు చవకగా దొరుకుతుంది.

కొనడానికి మంచి కాలం ఏప్రిల్, మే నెలలు. సీజన్ ముగిసి, పిల్లలు ఎదిగి, గ్యారేజీలు ఖాళీ చేసుకునేవారు అప్పుడే అమ్ముతారు. సెప్టెంబరులో అదే ప్యాడ్‌కు ధర పెరుగుతుంది. ‘ప్లే ఇట్ ఎగైన్ స్పోర్ట్స్’ వంటి పాత క్రీడాసామగ్రి దుకాణాల్లో తొడిగి చూసుకునే వీలుంటుంది, మీ పాత సామగ్రిని వాళ్లు కొంటారు కూడా. ఫీజుల భారం ఎక్కువైతే ‘జంప్‌స్టార్ట్’, ‘కిడ్‌స్పోర్ట్’ అనే సహాయ సంస్థలకు దరఖాస్తు చేయండి. అడగడానికి మొహమాటపడవద్దు, అవి ఉన్నది అందుకే.

ప్రశ్న: నాకు ముప్ఫై ఆరేళ్లు. ఎడ్మంటన్‌లో ఉద్యోగం. ఆఫీసు మిత్రులతో ఆదివారం రాత్రుళ్లు ఆడుతున్నాను. మా దగ్గర గోలీ లేడు. ఒక సహోద్యోగి తన 1990ల నాటి గోలీ సామగ్రి మొత్తం ఉచితంగా ఇస్తానంటున్నారు. తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఎడ్మంటన్

జవాబు: తీసుకోండి, కృతజ్ఞతలు చెప్పండి, మాస్క్‌ను మాత్రం గోడకు తగిలించండి. ముప్ఫయ్యేళ్లు నిలవ ఉన్న నురుగును నమ్మి తల పెట్టకూడదు. ఆ కాలపు చెస్ట్ ప్రొటెక్టర్లు కూడా పలచనివి. నేటి కాంపోజిట్ కర్రలతో మామూలు ఆటగాళ్లు సైతం అప్పటి కంటే బలంగా కొడుతున్నారు, కాబట్టి ఈ రెండింటికీ డబ్బు పెట్టక తప్పదు. ప్యాడ్లు 12 అంగుళాల వెడల్పు ఉండవచ్చు. ఎన్‌హెచ్ఎల్ (ఉత్తర అమెరికాలోని పెద్ద ప్రొఫెషనల్ లీగ్) 2005లో దాన్ని 11కు తగ్గించింది గాని, ఆదివారం ఆటలో స్కేలు పట్టుకుని వచ్చేవారెవరూ ఉండరు. అసలు ఇబ్బంది వేరే ఉంది. పాత ప్యాడ్లను కాలికి బిగించి కట్టే తీరులో తయారుచేశారు. మోకాళ్ల మీద దిగినప్పుడు అవి ఇప్పటి ప్యాడ్లలా తిరగవు, లోపలి వైపు మోకాలికి సరైన దిమ్మ ఉండదు. మీరు నిలబడి ఆడేవారైతే ఒక సీజన్ వాడవచ్చు. బటర్‌ఫ్లై నేర్చుకోవాలనుకుంటే ఆ ప్యాడ్లతో మోకాళ్లు పాడుచేసుకోకండి. పై తరగతి కొత్త ప్యాడ్లు 2,000 డాలర్లు దాటతాయి, వాటి వైపు చూడనే వద్దు. అయిదారేళ్ల కిందటి నమూనా, ఒకే యజమాని వాడినది దొరికితే చాలు. ఇంకొక మాట: పెద్దవాళ్ల సరదా ఆటల్లో గోలీకి ఎప్పుడూ కరువే. చాలాచోట్ల మంచు మైదానం అద్దెలో గోలీ వాటా వసూలు చేయరు. ఆ మిగులును ఒక సీజన్ పాటు లెక్క రాసి పెట్టుకుంటే చెస్ట్ ప్రొటెక్టర్ ఖర్చు చాలావరకు వచ్చేస్తుంది.

ప్రశ్న: మా మనవడు న్యూజెర్సీలో ఐస్ హాకీ గోలీగా ఆడుతున్నాడు. వేసవిలో అక్కడికి వెళుతున్నాం. జలంధర్‌లో తయారయ్యే హాకీ గోల్‌కీపర్ సామగ్రి ఇక్కడ చాలా చవక. బంతి బరువు, పక్ బరువు దాదాపు ఒకటేనని చదివాను. కొని తీసుకువెళ్లమంటారా?
– ఒక తాతగారు, గుంటూరు

జవాబు: అయ్యా, బరువు సంగతి మీరు చదివింది నిజమే. మైదానపు హాకీ బంతి 156 నుంచి 163 గ్రాములు ఉంటుంది. కానీ రెండు ఆటల్లో గోల్‌కీపర్ చేసే పని వేరు. మైదానంలో అతడు బూటు మీద తొడిగిన మందపాటి నురుగు కిక్కర్లతో బంతిని తన్ని దూరంగా పంపుతాడు. మంచు మీద స్కేట్లు ఉంటాయి కాబట్టి ఆ కిక్కర్లకు చోటే లేదు. ప్యాడ్ మంచు మీద జారాలి. ఎడమ చేతికి పక్‌ను పట్టుకునే జేబున్న ట్రాపర్ కావాలి, మైదానపు హాకీలో ఆ చేతికి ఉండేది బంతిని నెట్టే పలక మాత్రమే. హెల్మెట్ అసలే వద్దు. అమెరికాలో పిల్లల ఆటకు హెచ్ఈసీసీ (హాకీ సామగ్రికి గుర్తింపు ఇచ్చే మండలి) ముద్ర ఉన్న హెల్మెట్ కావాలి, ఆ ముద్ర చెల్లుబాటు తయారైన నాటి నుంచి ఆరున్నరేళ్లే. 2024 ఆగస్టు 1 నుంచి పద్దెనిమిదేళ్ల లోపు ఆటగాళ్లకు మెడ రక్షణ కూడా తప్పనిసరి చేశారు, అదీ అక్కడే కొనాలి.

మీరు తీసుకువెళ్లగలిగినది ఒకటి ఉంది. గోలీ సామగ్రికి దాదాపు నలభై అంగుళాల పొడవు సంచీ కావాలి, అక్కడ దానికీ బాగానే అవుతుంది. గుంటూరులో మంచి దర్జీని పట్టుకుని, బలమైన కాన్వాసుతో, రెండు చివరలా గాలి ఆడే జాలీ గుడ్డ వేయించి, పెద్ద పళ్ల జిప్పుతో కుట్టించండి. పట్టీలు సంచీ అడుగు మీదుగా చుట్టి వచ్చేలా కుట్టమనండి, పక్కలకు అతికిస్తే తడిసిన ప్యాడ్ల బరువుకు ఊడిపోతాయి. మడిచి మీ పెట్టె అడుగున పెట్టుకోవచ్చు.