ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీదా, కొన్నదా అని అడిగారు కదా, నా స్విఫ్ట్ కథ వినండి

"హైదరాబాద్‌లో ఉంటాను, డీజిల్ కారు. ఇంజిన్ ట్యూనింగ్ నేనే చేసుకుందామనుకుంటున్నా. ఫ్రీ సాఫ్ట్‌వేర్ సరిపోతుందా, డబ్బు పెట్టి కొనాలా?" ఇదీ మీ ప్రశ్న. ఇంజిన్ ఎలా నడుస్తోందో చూసుకోవడానికి ఫ్రీ చాలు. ఈసీయూలోకి, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌లోకి, కొత్త అంకెలు రాయాలంటే మాత్రం డబ్బు పెట్టాలి, పెట్టలేకపోతే రాయకండి. ఈ ముక్క తెలుసుకోవడానికి నాకు తొమ్మిదిన్నర వేలు అయింది.

నాది 2013 స్విఫ్ట్ డీజిల్. 1248 సీసీ, 75 పీఎస్ పవర్, 190 న్యూటన్ మీటర్ల టార్క్ (లాగే బలం). లక్షా పది వేల కిలోమీటర్లు దాటాక లాగడం తగ్గింది. ఒకరోజు ఓఆర్ఆర్ మీద నార్సింగి నుంచి కొల్లూరు వైపు వెళ్తుంటే మా బావ పక్క సీట్లో కూర్చుని, "ఏం బావా, వెనకాల ఎవరన్నా పట్టుకున్నారా?" అన్నాడు. ఎవరైనా అయితే మెకానిక్ దగ్గరికి వెళ్తారు. నేను ల్యాప్‌టాప్ తీశాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాళ్ళకి ఉండే జబ్బు ఇది.

ముందు ఈసీయూ ఫైళ్ళు తెరిచి మార్చే ట్యూనర్‌ప్రో వేశాను. ఫ్రీగానే వాడుకోవచ్చు, తెరిచినప్పుడల్లా డబ్బు కట్టమని మర్యాదగా అడుగుతుంది, అంతే. ఆన్‌లైన్‌లో కొన్న నకిలీ కేబుల్‌తో ఈసీయూ ఫైలు చదివి అందులో తెరిస్తే తెరనిండా అంకెలు. ఏ అంకె డీజిల్ పరిమాణమో, ఏది టర్బో ఒత్తిడో, ఏది టార్క్ పరిమితో చెప్పేది డెఫినిషన్ ఫైలు. ఆ ఫైలు మన బండికి ఎక్కడా దొరకలేదు. ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో అసలు చిక్కు ఇదే. రోమ్‌రైడర్ అని ఇలాంటిదే ఇంకో ఫ్రీ సాఫ్ట్‌వేర్ చాలా మంచిదంటారు, నిజమే, కానీ అది ప్రధానంగా సుబారు కార్లకు. కూకట్‌పల్లిలో మీరెన్ని సుబారులు చూశారు?

అప్పుడు మనవాళ్ళందరూ చేసే పనే నేనూ చేశాను. మన దగ్గర ఫ్రీ అంటే క్రాక్ అని అర్థం కదా. డబ్బు పెట్టి కొనాల్సిన సాఫ్ట్‌వేర్‌కి దొంగ కాపీ దించుకున్నాను. అది యాంటీవైరస్ ఆపమంది, ఆపాను. ల్యాప్‌టాప్ తేదీ 2015కి మార్చమంది, మార్చాను. ఎవరో గ్రూపులో పెట్టిన "ట్యూన్ చేసిన" ఫైలు నా దాని లాగే ఉందని నమ్మాను. ఇంతా చేసి, బ్యాంకు ఓటీపీలు కూడా అదే ల్యాప్‌టాప్‌లో చూసుకునేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

ఆదివారం మధ్యాహ్నం, అపార్ట్‌మెంట్ సెల్లార్. ల్యాప్‌టాప్ పాతది, బ్యాటరీ పది నిమిషాలు కూడా ఆగదు. వాచ్‌మన్ గదిలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ లాగి ఛార్జర్ పెట్టాను. తాళం ఆన్‌లో ఉంది, ఇంజిన్ ఆఫ్. డోరు తెరిచే ఉంది, లోపల లైటు వెలుగుతూనే ఉంది. రాయడం మొదలైంది. 20 శాతం, 40, 55. నేను వంగి డ్యాష్‌బోర్డు కింద కేబుల్ కదలకుండా చేత్తో పట్టుకుని ఉన్నాను, ఎందుకంటే ఆ కేబుల్ ప్లగ్ వదులు. 63 దగ్గర తెర నల్లబడింది.

తల ఎత్తి చూస్తే వాచ్‌మన్ నిలబడి ఉన్నాడు. "ఫోన్ ఛార్జింగ్ పెడదామని తీసిన సార్. మీది అయిపోలేదా?"

సెల్ఫ్ కొట్టింది, బండి లేవలేదు. మీటర్‌లో వెలగాల్సిన గ్లో ప్లగ్ లైటు కూడా వెలగలేదు. సాయంత్రం అల్వాల్‌లో పెళ్ళి. మా ఆవిడ పట్టుచీర కట్టుకుని లిఫ్ట్ దిగి, ల్యాప్‌టాప్ వైపు, నా వైపు చూసి, ఏమీ అనకుండా క్యాబ్ బుక్ చేసింది. దానికి అయిన డబ్బు ఆ తొమ్మిదిన్నర వేలలో కలపలేదు.

మర్నాడు టోయింగ్ చేయించి ఒక ఈసీయూ రిపేర్ అతని దగ్గరికి తీసుకెళ్ళాను. ఏ సాఫ్ట్‌వేర్ వాడానో, ఫైలు ఎక్కడిదో అంతా చెప్పబోయాను. "సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత అన్నా. రాసేటప్పుడు వోల్టేజ్ ఎంతుండె?" అన్నాడు. నేను కొలవనే లేదు. అతను ఈసీయూ విప్పి బల్ల మీద పెట్టి, పవర్ సప్లై తగిలించాడు. దాని మీద 13.5 వోల్టులు అని అంకె కదలకుండా నిలబడి ఉంది. నా ప్లగ్ పీకకపోయినా, కారులో ఉన్న ఆ ముసలి బ్యాటరీతో ఎక్కడో ఒకచోట ఆగిపోయేదేనన్నాడు. పెన్ డ్రైవ్‌లో ఒరిజినల్ ఫైలు దాచుకున్నాను కాబట్టి బతికిపోయాను. మీరు ఇంకేం చేసినా చేయకపోయినా, ఆ ఫైలు రెండుచోట్ల దాచుకోండి.

బండి లేచాక అతను బానెట్ కింద చెయ్యి పెట్టి తీశాడు. వేళ్ళు నల్లగా నూనె. టర్బో నుంచి ఇంజిన్‌కి గాలి వెళ్ళే హోస్ పైపు గోరంత మేర చీలింది. లాగకపోవడానికి కారణం అదీ! పుత్లీబౌలిలో 1,400కి కొత్త హోస్ దొరికింది, వేయడానికి 300. ఆ తర్వాతి ఆదివారం అదే ఓఆర్ఆర్ మీద బావ నోరెత్తలేదు.

బండి లెక్కలు ఫోన్‌కి పంపే 600 రూపాయల బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ పెట్టి, ఫోన్‌లో వాటిని చూపించే టార్క్ లాంటి ఫ్రీ యాప్ వేసుకుని ఉంటే, యాక్సిలరేటర్ నొక్కినప్పుడు గాలి ఒత్తిడి పెరగాల్సినంత పెరగడం లేదని మొదటి రోజే కనిపించేది. చూసుకోవడానికి ఫ్రీ చాలు అన్నది ఇందుకే.

మరి డబ్బు పెడితే ఏం వస్తుంది? ముఖ్యంగా చెక్‌సమ్, అంటే ఫైలు సరిగ్గా ఉందో లేదో ఈసీయూ సరిచూసుకునే లెక్క. ఫైల్లో ఒక్క అంకె మార్చినా చెక్‌సమ్ సరిచేయకపోతే బండి స్టార్ట్ కాకపోవచ్చు. విన్‌ఓఎల్‌ఎస్ లాంటి కొనుక్కునే ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్లలో చెక్‌సమ్ మాడ్యూళ్ళని కూడా విడిగా అమ్ముతారు. ఒక్క కారు కోసం అంత పెట్టడం దండగ. సొంత ఇంజిన్ ప్రాజెక్టు చేసే కాలేజీ కుర్రాళ్ళ సంగతి వేరు. వాళ్ళకి స్పీడుయినో బోర్డు (సొంతంగా పెట్టుకునే ఈసీయూ), దాన్ని ట్యూన్ చేసే ట్యూనర్‌స్టూడియో ఫ్రీ వెర్షన్ బంగారం. అంకెల్ని తనే సరిచేసే ఆటోట్యూన్ కావాలంటే ట్యూనర్‌స్టూడియోకి డబ్బు కట్టాలి, కట్టినా తప్పులేదు.

షాపులో చేయించుకుంటానంటే, "స్టేజ్ వన్ (మొదటి స్థాయి ట్యూనింగ్), ముప్పావు గంట, చాయ్ తాగి రండి" అనేవాళ్ళ దగ్గరికి వద్దు. అందరి బండ్లకీ అదే ఫైలు కొట్టి పంపిస్తారు. తర్వాత సిగ్నల్ దగ్గర మీ వెనక స్కూటర్ మీద ఉన్నాయన పొగకి ముక్కు మూసుకుంటాడు. ఒరిజినల్ ఫైలు నా చేతికిస్తారా, ట్యూనింగ్‌కి ముందూ వెనకా ఇంజిన్ లెక్కల రికార్డు (లాగ్) చూపిస్తారా అని అడగండి. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడాగా బండిని మార్చడంపై మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌లో ఆంక్షలున్నాయి, ఆ సంగతి వాళ్ళు చెప్పరు.

మీ బండి ఏదో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాయలేదు. లక్ష దాటి ఉంటే, ఇంజిన్ చల్లారాక ఆ హోస్ కింద వేలు పెట్టి చూడండి. స్విఫ్టే అయితే చెప్పండి, పార్ట్ నంబర్ నా దగ్గరుంది.